1973 చమురు ధరలకీ ఎమర్జెన్సీకీ లంకె వేయొచ్చా?

మాది పర్లాకిమిడి. బరంపురంలో ఎం.ఏ. చరిత్ర, రెండో ఏడు. 12వ తేదీన సెమినార్, 20 నిమిషాలు మాట్లాడాలి. అంశం: 1970ల అలజడిని చరిత్రకారులు ఎలా చూశారు.

బిపన్ చంద్ర ఇందిరనీ, ఆమెకు ఎదురు నిలిచిన జయప్రకాశ్ నారాయణ్ (జేపీ) ఉద్యమాన్నీ కూడా తప్పుపట్టారు. జ్ఞాన్ ప్రకాశ్ అయితే ఎమర్జెన్సీ ఊడిపడింది కాదు, వేర్లు అంతకు ముందు నుంచే ఉన్నాయంటారు. నాకు ఈయన వాదనే నచ్చింది. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు.

చిక్కంతా ప్రపంచంతో ముడిపెట్టడంలో. చార్ట్ మీద దేశానికి ఎర్ర స్కెచ్, ప్రపంచానికి నీలం వాడి రెండు గీతలు గీశాను. 1973 అక్టోబరు మొదట్లో పీపా ముడిచమురు సుమారు 3 డాలర్లు, 1974 జనవరికి దాదాపు 12. 1973 డిసెంబరులోనే అహ్మదాబాద్‌లో ఇంజినీరింగ్ హాస్టల్ మెస్ బిల్లు పెంచితే కుర్రాళ్లు తిరగబడ్డారు. అది నవనిర్మాణ్ ఉద్యమమై ఫిబ్రవరిలో ముఖ్యమంత్రినే దించింది. మేలో రైల్వే సమ్మె, 1975 జూన్ 25న ఎమర్జెన్సీ. (మెస్ బిల్లు దగ్గర మొదలైందంటే మా హాస్టల్లో ఎవరూ నమ్మట్లేదు.)

మా గైడ్ చార్ట్ చూసి, "1972 కరవుతోనే ధరలు పెరగడం మొదలైంది కదా, చమురు ఎక్కడ కారణమైంది?" అన్నారు. జవాబు లేదు. లైబ్రరీలో వెతికితే తెలుగులో జైలు జ్ఞాపకాలు, ఇంగ్లిష్‌లో ఆర్థికవేత్తల పట్టికలు దొరికాయి. రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోవు.

కరవు ప్రభావాన్నీ చమురు ప్రభావాన్నీ విడదీసి, రెండింటినీ ఎమర్జెన్సీ దాకా నడిపించిన చరిత్రకారుల పుస్తకం గానీ వ్యాసం గానీ, తెలుగైనా ఇంగ్లిషైనా, మీరు చదివింది ఏదైనా ఉందా?