వెలుతురు తగిలితే చచ్చిపోతున్న క్లామిడోమోనాస్ మ్యూటెంట్

ప్రశ్న: క్లామిడోమోనాస్ అనే ఒంటికణపు పచ్చ నాచులో, ఫోటోసిస్టమ్-1 (కిరణజన్య సంయోగక్రియలో కాంతిని పట్టే రెండు ప్రొటీన్ యంత్రాల్లో ఒకటి) లేని మ్యూటెంట్, అంటే జీన్ మారిన రకం, ఒకటి చేతికొచ్చింది. ఎసిటేట్ (వెలుతురు లేకున్నా తిని బతికే కార్బన్ ఆహారం) కలిపిన ప్లేట్ మీద గీసి, వైల్డ్ టైప్ (మార్పులేని మామూలు రకం) పక్కనే మామూలు లైటు కింద పెట్టాను. వైల్డ్ టైప్ ముదురాకుపచ్చగా ఎదిగింది, దీని గీత మాత్రం నాలుగు రోజులకి పాలిపోయి గోధుమరంగు మరకలా మిగిలింది. ఎసిటేట్ తిని బతకగలదు కదా, మరి వెలుతురుతో దీనికేం పని? ఉన్న ఒక్క ప్లేటూ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ముందు ఆ ప్లేట్‌కి ఫాయిల్ చుట్టండి, మిగతాది తర్వాత. ఫోటోసిస్టమ్-1 లేకపోయినా 2 పనిచేస్తూనే ఉంటుంది, అది నీళ్ల నుంచి ఎలక్ట్రాన్లు లాగి ముందుకు తోస్తుంది, కానీ తీసుకునేవాళ్లు లేరు కాబట్టి దారి మూసుకుపోతుంది. పత్రహరితం మాత్రం కాంతిని పీల్చడం మానదు, ఆ శక్తి ఆక్సిజన్ మీద పడి కణానికే విషమవుతుంది. రెండు ఫోటోసిస్టమ్‌లూ లేని మ్యూటెంట్లు ఇంతకంటే బాగా వెలుతురుని తట్టుకుంటాయి, నాకు మొదట ఇది నమ్మబుద్ధి కాలేదు. చీకట్లో పెడితే రంగు పోతుందని భయపడకండి, క్లామిడోమోనాస్ చీకట్లోనూ పత్రహరితం తయారుచేసుకోగలదు.

జవాబు 2: ఇంకో మాట. పాలిపోయిన గీతలో ఎక్కడైనా ఒక్క కాలనీ పచ్చగా, లావుగా కనిపిస్తే సంతోషంగా దాన్నే తీసి గీయొద్దు. అది వెనక్కి మారిన రివర్టెంట్ అయ్యుండొచ్చు, నేను అలా రెండు నెలలు పోగొట్టుకున్నాను. ప్రతి కాలనీనీ ఎసిటేట్ లేని ప్లేట్ మీద కూడా చుక్క పెట్టి చూడండి, అక్కడ పెరిగితే అది మీ మ్యూటెంట్ కాదు.

ప్రశ్న అడిగినవారు: ఫాయిల్ చుట్టేశాను, చాలా థాంక్స్. మ్యుటేషన్ న్యూక్లియస్‌లో ఉందా, క్లోరోప్లాస్ట్‌లో ఉందా తెలిసేదెలా?

జవాబు 1: వైల్డ్ టైప్‌తో క్రాస్ చేసి, దానివల్ల పుట్టే నాలుగు స్పోర్లనీ (పిల్లకణాలనీ) విడదీయండి. న్యూక్లియస్‌దైతే రెండు మామూలువి, రెండు మ్యూటెంట్లు వస్తాయి. క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏ దాదాపు ఎప్పుడూ ప్లస్ మేటింగ్ టైప్ (ప్లస్, మైనస్ అనే రెండు జత రకాల్లో ఒకటి) నుంచే వస్తుంది కాబట్టి మీ మ్యూటెంట్ ప్లస్ అయితే నాలుగూ మ్యూటెంట్లే. న్యూక్లియస్ అని తేలినా నిరాశపడకండి, ఫోటోసిస్టమ్-1లోని ముఖ్య ప్రొటీన్‌ని తయారుచేసే పీఎస్ఏఏ జీన్ క్లోరోప్లాస్ట్‌లో మూడు ముక్కలుగా విడివిడిగా ఉంటుంది, ఆ ఆర్ఎన్ఏలని అతికించే పనికి న్యూక్లియస్ జీన్లు చాలా కావాలి. వాటిలో ఏది పోయినా ఫోటోసిస్టమ్-1 ఉండదు.

జవాబు 3: క్లోరోప్లాస్ట్‌దే అని తేలితే జీన్ గన్‌తో (డీఎన్‌ఏ పూసిన లోహపు రేణువుల్ని కణాల్లోకి కొట్టే పరికరంతో) ఆ జీన్ మంచి కాపీ లోపలికి కొట్టి చూడొచ్చు. 1988లో ఏటీపీబీ (ఏటీపీ తయారుచేసే ఎంజైమ్‌లో ఒక భాగానికి చెందిన క్లోరోప్లాస్ట్ జీన్) పాడైన మ్యూటెంట్లని అలాగే బాగుచేశారు, క్లోరోప్లాస్ట్‌లోకి నిలకడగా జీన్ ఎక్కించడం అదే మొదలు. ఎసిటేట్ లేకుండా వెలుతురులో పెరిగినవే ఏరుకున్నారు.