ఈఎంఐ (సర్క్యూట్ నుంచి లేచే విద్యుదయస్కాంత రొద) తగ్గాలంటే ముందు ఫిల్టరా, ప్లేస్‌మెంటా?

గాజువాక కుర్రాడు: 24 వోల్టులను 5కి దించే బక్ కన్వర్టర్ బోర్డు చేశాను, స్విచింగ్ 400 కిలోహెర్ట్జ్. కండక్టెడ్ ఎమిషన్ టెస్టు (తీగల వెంట బయటికి పోయే రొద కొలిచేది) పోయింది. 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా చూస్తే పై చివర బాగా గీత దాటుతోంది. ఇన్‌పుట్ తీగల రొద ఆపే పెద్ద కామన్ మోడ్ చోక్ (ఫిల్టర్ కాయిల్) వేసినా కదల్లేదు. మా సార్ ఫిల్టర్ ఇంకో స్టేజ్ పెంచమంటున్నారు. లేఔట్ ముట్టుకుంటే బోర్డు మళ్లీ మొదటికి. టెన్షన్‌గా ఉంది, ఏది నయం?

ఆటోనగర్ బాబాయ్: నువ్వు పెట్టిన ఫోటో చూశా. సెరామిక్ కెపాసిటర్ మాస్‌ఫెట్లకు (స్విచింగ్ చేసే ట్రాన్సిస్టర్లకు) రెండు సెంటీమీటర్ల అవతల కూర్చుంది. పెళ్లి బంతిలా వరసగా అమర్చావు, చూడ్డానికి బాగుంది! కానీ కెపాసిటర్, పై ఫెట్, కింది ఫెట్ కలిసి చేసే లూప్ ఎంత చిన్నదైతే అంత మేలు. సెంటీమీటరు ట్రాక్‌కి సుమారు 10 నానోహెన్రీలు. 10 నానోసెకన్లలో 5 ఆంపియర్లు ఆగితే ఆ సెంటీమీటరు మీదే 5 వోల్టులు లేస్తాయి. ఇక నీ చోక్ ఇండక్టర్‌ని ఆనుకునే ఉంది. ఇండక్టర్ అయస్కాంత క్షేత్రం ఫిల్టర్‌లోంచి పోదు, పక్కనుంచే ఇన్‌పుట్ తీగలకు అంటుకుంటుంది. అక్కడే ఇంకో స్టేజ్ పెడితే గోడ కట్టి గేటు తీసిపెట్టినట్టే.

డ్రైవ్స్ మెకానిక్: చెప్పడం తేలికే బాబాయ్ గారూ. మా మోటార్ డ్రైవుల్లో ఫెట్లు హీట్‌సింక్ అంచున ఉండాలి. కెపాసిటర్ దగ్గరికి తెస్తే ఉడికిపోతుంది, ఎలక్ట్రోలిటిక్‌కి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం. మే నెలలో ఇక్కడి ప్యానెల్ తలుపు తీసి చూడండి. ఫెట్ స్విచింగ్ వేగం తగ్గించేలా గేట్ రెసిస్టర్ పెంచి, పైన షీల్డ్ డబ్బా వేస్తే సరిపోతుంది.

ఆటోనగర్ బాబాయ్: ఎలక్ట్రోలిటిక్ దూరంగానే ఉండనివ్వండి, నేనన్నది సెరామిక్ సంగతి. గేట్ రెసిస్టర్ పెంచితే స్విచింగ్ నష్టం పెరిగి మీరు భయపడే వేడే వస్తుంది. షీల్డ్ అంటారా, మన సముద్రపు గాలి సంగతి తెలిసిందే. మొన్న ఓ పాత బోర్డు విప్పితే డబ్బా అంచంతా తుప్పు, గ్రౌండ్‌కి తగలడమే లేదు.
తమ్ముడూ, బోర్డు మార్చకముందే 1 మైక్రోఫారడ్ సెరామిక్ ఒకటి నేరుగా ఫెట్ల కాళ్ల మీద టంకం పెట్టి స్కోప్‌లో చూడు. ప్రోబ్‌కి ఉన్న పొడుగు గ్రౌండ్ వైరు తీసెయ్, అదే యాంటెన్నా అయిపోతుంది.

గాజువాక కుర్రాడు: రాత్రే చేశా. స్విచ్ నోడ్ (రెండు ఫెట్లు, ఇండక్టర్ కలిసే చోటు) స్పైక్ 41 వోల్టుల నుంచి 29కి దిగింది! చోక్ ఊడదీసి కనెక్టర్ పక్కకు జరిపా. పక్కన మీడియం వేవ్ రేడియో పెడితే నిన్న ఉత్త గరగర, ఇవాళ వార్తలు వినపడుతున్నాయి. అది చోక్ జరిపినందుకే అనుకుంటా.

డ్రైవ్స్ మెకానిక్: రేడియో సర్టిఫికెట్ ఇవ్వదు బాబూ. ఫిల్టర్ మొత్తం పీకేసి పాస్ చేయించు, అప్పుడు ఒప్పుకుంటా.

ఆటోనగర్ బాబాయ్: ఫిల్టర్ వద్దని ఎవరన్నారండీ? 400 కిలోహెర్ట్జ్ దగ్గర దాని పని దానిదే. తమ్ముడూ, ఇండక్టర్ మీద చుక్క ఉన్న కాలు స్విచ్ నోడ్ వైపేనా? అలా ఉంటే బయటి చుట్లు లోపలి చుట్లకు తెరలా పనిచేస్తాయి.

గాజువాక కుర్రాడు: అవుట్‌పుట్ వైపు ఉంది బాబాయ్ గారూ. ఐరన్ వేడి పెడుతున్నా.