చర్చ: ఆక్యుపేషనల్ థెరపిస్టుల నిరంతర శిక్షణకు ఆన్‌లైన్ చాలునా, ఎదుట నేర్వవలసిందేనా?

కోనసీమ థెరపిస్టు (అమలాపురం):

జబ్బు, వైకల్యం ఉన్నవారు రోజువారీ పనులు తామే చేసుకునేలా సాయపడే మన ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) వృత్తిలో ఉన్నవారికి ఆన్‌లైన్ శిక్షణ చాలునని నా అభిప్రాయం. హైదరాబాదులో రెండు రోజుల వర్క్‌షాపుకు వెళ్ళాలంటే, రానూపోనూ రెండు రాత్రులు బస్సులో గడిపి, క్లినిక్‌ను నాలుగు రోజులు మూయవలసి వస్తుంది. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కుంటుపడే స్థితి) ఉన్న పిల్లలను చంకనెత్తుకుని పంటు దాటి, ఆటో మారి వచ్చే తల్లులకు ఆ నాలుగు రోజులు తలుపులు మూసి కనిపిస్తాయి. గోదావరికి వరద వచ్చినప్పుడు లంకవాసులు ఎటూ రాలేరు. వచ్చే రోజులను కూడా నేను పోగొట్టడం న్యాయమా? అమెరికాలో మన వృత్తివారికి ధ్రువీకరణ ఇచ్చే ఎన్‌బీసీఓటీ సంస్థ దాని పునరుద్ధరణకు మూడేళ్ళలో 36 శిక్షణ యూనిట్లు అడుగుతుంది, వాటిని ఆన్‌లైన్ కోర్సులతోనూ సంపాదించుకోవచ్చు. బ్రిటన్‌లో ఈ వృత్తిని నియంత్రించే హెచ్‌సీపీసీ గంటల లెక్కే పెట్టదు; నేర్చుకున్నది సేవకు ఎలా పనికివచ్చిందో చూపమంటుంది.

కాకినాడ నుంచి (చేతి పునరావాసం):

మీ ఇబ్బంది నిజమే గానీ, మీ నిర్ణయంతో నేను ఏకీభవించలేను. 2020లో లాక్‌డౌన్ కాలంలో స్ప్లింటు (చేతిని సరైన భంగిమలో నిలిపే తొడుగు) తయారీని నేను వీడియోలు చూసి నేర్చుకున్నాను. దానికి వాడే థర్మోప్లాస్టిక్ పలక సుమారు 65 నుంచి 75 డిగ్రీల నీటిలో మెత్తబడుతుంది, బయటికి తీశాక కొద్ది నిమిషాల్లోనే గట్టిపడుతుంది. ఆ కొద్ది నిమిషాల్లోనే రోగి చేతిపై దానిని పరచి, మణికట్టు కోణాన్ని నిలిపి, అరచేతి వంపులు చదును కాకుండా, ఎముక పొడుచుకువచ్చిన చోట ఒత్తిడి పడకుండా మలచాలి. ఇదంతా నాకు కంఠస్థమే. అయినా పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనకు నేను చేసిన మొదటి స్ప్లింటు మర్నాటికి చిటికెనవేలి వైపు మణికట్టు ఎముకపై ఎర్రటి మచ్చ చేసింది. ఆయనకు ఆ చేతిలో స్పర్శ సరిగా లేదు కనుక నొప్పి చెప్పలేదు. ఇంటావిడ చూడబట్టి పుండు పడలేదు. తర్వాత ఒక వర్క్‌షాపులో శిక్షకురాలు నా చేతులపై తన చేతులు పెట్టి, "అమ్మా, నువ్వు పట్టుకోవడం లేదు, నొక్కుతున్నావు" అన్నారు. ఆ మాట ఏ వీడియో చెబుతుంది? నేను నొక్కుతున్నానని దానికి తెలియదు కదా.

కండర బిగువును కొలిచే మాడిఫైడ్ ఆష్‌వర్త్ స్కేలులో పక్కపక్క మెట్లయిన 1కి, 1+కి ఉన్న తేడా సైతం అంతే. నిర్వచనం చదివి పరీక్ష రాయవచ్చు. మోచేయి చాపుతున్నప్పుడు ఎక్కడ పట్టేసిందో, ఆ తర్వాత ఎంత దూరం అడ్డు తగిలిందో మాత్రం చేతికే తెలుస్తుంది.

నరసాపురం రేవు:

ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. ఎదుట జరిగే శిక్షణ అంతా చేతులతో నేర్పేది కాదు. పెద్ద హాలులో వెనుక వరుసలో కూర్చుని స్లైడ్లు చూసి, భోజనం చేసి, సర్టిఫికెట్టు పుచ్చుకుని వచ్చిన సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి. (మా బంధువులు ఓటీ అంటే ఇప్పటికీ ఆపరేషన్ థియేటరనే అనుకుంటారు కనుక, ఆ సర్టిఫికెట్లు గోడకు తగిలించినా ప్రయోజనం లేదు.)

మా దగ్గర లేసు అల్లే స్త్రీలు బొటనవేలి మొదట్లో నొప్పితో వస్తారు. పనిని ముక్కలుగా విడదీసి పరిశీలించడం నేను ఆన్‌లైన్ కోర్సులోనే నేర్చుకున్నాను. రోగి ఇంట్లో ఆమె పనిచేస్తుండగా, ఆమె అనుమతితో, వీడియో తీసి పంపమన్నారు, పంపినదానిపై వారం వారం తప్పులు చూపించారు. అలా చూశాకే క్రోషే సూది పిడికి నురుగు చుట్టి లావు చేయాలని, కూర్చునే పీట ఎత్తు మార్చాలని తట్టింది. హైదరాబాదు హాలులో మా ఊరి అరుగు కనిపించదు.

కోనసీమ థెరపిస్టు:

స్ప్లింటు విషయంలో కాకినాడ వారి మాట ఒప్పుకుంటున్నాను. "చాలును" అన్న నా మాట అతిగానే ఉంది. అయితే ఇంటర్వ్యూ పద్ధతులు, పని పరిశీలన, కొత్త పరిశోధనల పఠనం ఇవన్నీ ఆన్‌లైన్‌లోనే జరగాలని ఇప్పటికీ అంటాను. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం మన వృత్తిని తన పరిధిలోకి తెచ్చింది. దాని కింద శిక్షణ గంటలు నిర్ణయించేటప్పుడు చేతి నైపుణ్యాల గంటలను విడిగా లెక్కించాలని, వాటిని జిల్లాల్లోనే జరపాలని మనం అడగాలి. అంతదాకా రావులపాలెంలో ఒక ఆదివారం కలుద్దామా? ముగ్గురికీ వెళ్ళిన సాయంత్రానికి తిరిగి రాగల దూరమే. పలకల ఖర్చు పంచుకుందాం.

కాకినాడ నుంచి:

వస్తాను. కానీ ఒక షరతు: ఎవరు చేసిన స్ప్లింటును వారు ఆ పూటంతా స్వయంగా తొడుక్కుని ఉండాలి. నీళ్ళు కాచే పాత్ర నేను తెస్తాను, థర్మామీటరు మీరు మరచిపోవద్దు.