ప్రీపోన్: తప్పా, ఒప్పా?

గోదావరి_గట్టు: మీటింగ్ అనుకున్న టైమ్ కంటే ముందే ఉందని చెప్పడానికి ఆఫీసు మెయిల్లో "మీటింగ్ ప్రీపోన్ అయింది" అని రాస్తే మా లీడ్ గారు కొట్టేశారు. అది ఇంగ్లీషే కాదట, మనవాళ్ళు అల్లిన మాటట. నిజమేనా? కాలేజీ రోజుల నుంచీ పరీక్షలు ప్రీపోన్ అయ్యాయనే విన్నాం కదా.

పాత_డిక్షనరీ: ఆయన్ని ఓసారి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తిరగెయ్యమనండి. లాటిన్‌లో 'పోనెరె' అంటే పెట్టడం. 'పోస్ట్' అంటే తర్వాత, 'ప్రీ' అంటే ముందు. ఈ క్రియ 16వ శతాబ్దంలోనే ఉంది, కాకపోతే అప్పటి అర్థం ఎదురుగా పెట్టుకోవడం. ఇప్పటి అర్థంలో 1913లోనే న్యూయార్క్ టైమ్స్‌కి ఒకాయన ఉత్తరం రాశాడు, పోస్ట్‌పోన్‌కి పోటీగా ప్రీపోన్ అనే మాట పుట్టిస్తున్నానని. మరి ఆయనదేమన్నా మన గుడివాడా?

డల్లాస్_బాబాయ్: పుట్టింది సరేనండీ, బతికిందెక్కడ? ఇక్కడ ప్రీపోన్ అంటే మా టీమ్‌లో తెల్లమొహం వేస్తారు. అమెరికాలో 'మూవ్ అప్', బ్రిటన్‌లో 'బ్రింగ్ ఫార్వర్డ్'. మీ నిఘంటువులోనే పక్కన భారతీయ ఇంగ్లీషు అని ఉంటుంది, అది చెప్పరేం?

గుంటూరు_కారం: ఫార్వర్డ్‌తో ఏం ఒరిగింది బాబాయ్? బుధవారం మీటింగ్‌ని రెండు రోజులు 'మూవ్ ఫార్వర్డ్' చేశారు, ఇప్పుడది ఏ రోజు? మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే ప్రశ్న ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళని అడిగితే కొందరు సోమవారం అన్నారు, కొందరు శుక్రవారం అన్నారు. ప్రీపోన్‌తో ఆ తంటా లేదు.

పాత_డిక్షనరీ: తెలుగులోనూ అదే తంటా. 'ముందుకు జరిపారు' అంటే ఎటు జరిపినట్టు? వెనక్కి నెట్టడానికి వాయిదా ఉంది, రెండోదానికి అందరి నోటా నలిగిన ఒక్క మాట లేదు. ప్రీపోన్ మనకి అంత అలవాటవడానికి అదీ ఒక కారణమేమోనని నా అనుమానం.

డల్లాస్_బాబాయ్: వాదన బాగుంది. కానీ మెయిల్ చదివేవాడికి అర్థం కావాలా, మనం నెగ్గాలా? క్లయింటుకి నిఘంటువు జత చేసి పంపుతారా?

గోదావరి_గట్టు: క్లయింటు ఎవరండీ? మెయిల్ వెళ్ళేది మా పుణె టీమ్‌కి.

డల్లాస్_బాబాయ్: ఆ ముక్క ముందే చెప్పొద్దూ! రాసెయ్యవయ్యా ప్రీపోన్ అని.

గుంటూరు_కారం: టైమ్ కూడా వెయ్యి. ప్రీపోన్ అని మాత్రమే పెట్టి ఎన్నింటికో చెప్పని మెయిల్ పొద్దున్నే ఒకటి వచ్చింది నాకు.