దశమ భాగమంతా మందిరానికేనా? పేదవారికి ఇచ్చేది అందులోకి వస్తుందా?

కె.ఆర్.పురం సోదరి:
అందరికీ ప్రభువు పేరిట వందనాలు. మాది అనంతపురం జిల్లా. ఇక్కడ బెంగళూరులో, మారతహళ్లి దగ్గర అద్దె హాలులో జరిగే తెలుగు ఆరాధనకు వెళ్తాం. నా జీతం 60,000. నెలనెలా అందులో పదో వంతు, అంటే దశమ భాగంగా 6,000 కవరులో పెట్టి కానుకల సంచిలో వేస్తాను. మా ఇంట్లో పనిచేసే ఆమెది కదిరి వైపు ఊరు, భర్త లేడు. ఫీజు కట్టలేక కొడుకు చేత డిప్లొమా మాన్పించే ఆలోచనలో ఉంది. కొన్నాళ్లపాటు దశమ భాగంలో సగం ఆ అబ్బాయి ఫీజుకు ఇస్తానని పాస్టరు గారితో అంటే, ఆయన బైబిలులో మలాకీ గ్రంథం 3:10 చూపించారు. పదియవ భాగమంతా మందిరపు నిధిలోకే రావాలి, దానధర్మాలు ఆ పైన చేసుకోవాలి అన్నారు. నాకు మనసు కుదుటపడలేదు. మీరేమంటారు?

హొరమావు విశ్వాసి:
సిస్టర్, పాస్టరు గారు చెప్పిందే సరి. దశమ భాగం దేవుని సొత్తు. దాన్ని ఎవరికి పంచాలో నిర్ణయించే అధికారం మనకు ఎక్కడిది? పేదవారికి పెట్టాలనిపిస్తే మిగిలిన 54,000 మీ చేతిలోనే ఉంది కదా! ఇంకో సంగతి. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) లాంటి సంఘాల్లో కాపరికి, అంటే పాస్టరుకు, డయాసిస్ (బిషప్పు కింది ప్రాంతీయ పాలన) నుంచి జీతం వస్తుంది. మన స్వతంత్ర సంఘాల్లో హాలు అద్దె, కాపరి ఇంటి అద్దె, ఆయన పిల్లల చదువు, అన్నీ ఆ సంచిలోంచే వెళ్లాలి. సువార్త ప్రకటించేవారు సువార్త వలననే బతకాలని 1 కొరింథీ 9:14లో ఉంది. తలా సగం తగ్గిస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

సంఘం లెక్కలు చూసినవాడు:
హొరమావు బ్రదర్ చెప్పిన కాపరి కష్టం నిజం. నెహెమ్యా 13లో కూడా ఇదే కనిపిస్తుంది. భాగాలు అందకపోయేసరికి లేవీయులు, అంటే మందిర సేవకు ఏర్పాటైన గోత్రంవారు, ఆ పని వదిలి పొలాలకు వెళ్లిపోయారు. కానుక తగ్గితే జరిగేది అదే.

కానీ మలాకీని పదో వచనం దగ్గర మొదలుపెట్టి పన్నెండులో ఆపేయడం నేను ఒప్పుకోను. అదే అధ్యాయం ఐదో వచనం తెరవండి. కూలివాని కూలి విషయంలో అన్యాయం చేసేవారి మీద, విధవరాండ్రను, తండ్రిలేనివారిని బాధపెట్టేవారి మీద, పరదేశికి న్యాయం తప్పించేవారి మీద తానే సాక్షిగా నిలబడతానని దేవుడు అంటున్నాడు. ఆ తరువాతే దశమ భాగం మాట. కవర్లు పంచే ఆదివారం పదో వచనం చదవని సంఘం లేదు. ఐదో వచనం మీద ప్రసంగం ఎంతమంది విన్నారు?

ఇక ధర్మశాస్త్రం మాట. ద్వితీయోపదేశకాండము 14:28, 29 చూడండి. మూడేళ్లకోసారి ఆ ఏటి పంటలో పదియవ భాగాన్ని ఊళ్లోనే ఉంచాలి. లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు వచ్చి తృప్తిగా తినాలి. అంటే విధవరాలి వాటా దశమ భాగం లోపలే ఉంది, ఎవరో దయతలచి పైన వేసింది కాదు. సిస్టర్ అడిగినదానికి ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు.

నేను ఒక సంఘంలో లెక్కలు రాశాను. ఆరాధన అయ్యాక ఇద్దరం కూర్చొని కవర్లు విప్పి, పేరు, మొత్తం రాసి, కింద ఇద్దరం సంతకం పెట్టేవాళ్లం. రాబడి పేజీ నిండేది. ఖర్చు పేజీలో హాలు అద్దె, కాపరి పోషణ, మైకు సెట్టు, కూటాల షామియానా, బయటినుంచి వచ్చే ప్రసంగీకుల ప్రయాణం ఉండేవి. ‘విధవరాండ్రు, అనాథలు’ అన్న గడి అచ్చువేసి ఉండేది, ఎదురుగా గీత ఉండేది. నెల తరువాత నెల గీతే. నిధిలోకి తెచ్చింది అందరికీ అందుతున్నప్పుడు అంతా నిధికే ఇవ్వమనడం న్యాయం. ఆ గడిలో గీత ఉన్నంతకాలం మీరు ఆ అబ్బాయికి ఇచ్చేది దశమ భాగమే.

సిస్టర్, మీరు అడగకపోయినా ఒకటి అంటాను. ఆమెకు జీతం ఒకటో తేదీన అందుతోందా? ఊరికి వెళ్లిన రోజులకు కోత పెడుతున్నారా? కూలివాని కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13 చెబుతోంది. ఆ లెక్క తేలాకే ఫీజు సాయం దానం అవుతుంది.

బాణసవాడి నుంచి:
మరి ఊళ్లో అమ్మానాన్నలకు నేను పంపే డబ్బు కూడా దశమ భాగంలో రాసుకోవచ్చా?

సంఘం లెక్కలు చూసినవాడు:
వద్దండీ. అది మన బాధ్యత. మార్కు 7లో కొర్బాను (దేవునికి అర్పించేశాం) అని పేరు చెప్పి తల్లిదండ్రులకు ఎగ్గొట్టినవారిని ప్రభువు గద్దించాడు. దేవుని పేరుతో వారి భాగం తీయకూడదు. వారికి పెట్టి దేవుని భాగం తగ్గించడం కూడా అలాంటిదే.

హొరమావు విశ్వాసి:
నా భయం సరిగ్గా ఇదే. ఈ రోజు పనిమనిషి కొడుకు ఫీజు, రేపు తమ్ముడి బండి వాయిదా. ఎవరికి వారు నిర్ణయించుకుంటే దశమ భాగం పేరే మిగులుతుంది. మలాకీ 3:5 మాట ఒప్పుకుంటాను, అది మా సంఘంలోనూ చదవాలి. అయితే దానికి దారి కానుక ఆపుకోవడం కాదు. సంఘ పెద్దల కమిటీలో లేచి, ఖర్చు పేజీ అందరి ముందు చదవమని అడగాలి. నెహెమ్యా కూడా కానుకలు ఆపమనలేదు, పంచడానికి నమ్మకమైనవారిని నిధి మీద పెట్టాడు.

కె.ఆర్.పురం సోదరి:
జీతం ఒకటో తేదీనే ఇస్తున్నాను, సెలవులకు కోత లేదు. కమిటీ వచ్చే నెలలో కూర్చుంటుంది. ఫీజు గడువు అంతకంటే ముందే.

హొరమావు విశ్వాసి:
అయితే కమిటీ కోసం ఆగకండి సిస్టర్. దశమ భాగం గురించి నా మాట మారలేదు, ఈ నెల కవరు మీరు నిండుగానే వేయాలంటాను. ఫీజులో ఎంత తక్కువ పడుతుందో ఇక్కడ రాయండి. దశమ భాగం పోగా మిగిలిన నా తొమ్మిది భాగాల్లోంచి నేనూ కొంత పంపుతాను. డబ్బు ఎవరి చేతికీ ఇవ్వకుండా నేరుగా కాలేజీ ఖాతాకే కట్టి, రసీదు ఆ తల్లికి ఇవ్వండి.