ఐపీ (దివాలా పిటిషన్) పెట్టడం అప్పుల్లో మునిగిన ఉద్యోగికి దారా, అప్పిచ్చినవారికి ద్రోహమా?

కృష్ణలంక వాసి:

మా బావమరిది విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాడు. చేతికి వచ్చే జీతం నెలకు 42,000 రూపాయలు. రెండు పర్సనల్ లోన్లు, మూడు క్రెడిట్ కార్డులు, తెలిసినవారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోట్లు రాసి తెచ్చిన సొమ్ము, అన్నీ కలిపి 19 లక్షలు దాటాయి. నెలనెలా కట్టవలసింది జీతాన్ని మించిపోవడంతో ఒక కార్డు మీద తీసి మరో కార్డుకు కడుతూ ఇంతకాలం నెట్టుకొచ్చాడు. ఇల్లూ పొలమూ లేవు. ఐపీ పెడితే అన్నీ ఆగిపోతాయని ఒక ప్లీడరు చెప్పారు. ప్రోనోట్ల మీద ఇచ్చినవారంతా, రెండు లక్షలు ఇచ్చిన మేనత్తతో సహా, మనవాళ్ళే, రేపు వాళ్ళ గుమ్మం ఎలా తొక్కుతాం అని మా మామగారు పట్టుబడుతున్నారు. ఐపీ అన్నది చట్టం ఇచ్చిన రక్షణా, నమ్మి ఇచ్చినవారిని ముంచడమా? తెలిసినవారు చెప్పగలరు.

తెనాలి పంతులమ్మ:

ముంచడమే. మా వీధిలో చిట్టీలు నడిపిన ఒక పెద్దమనిషి ఐపీ పెట్టినప్పుడు కోర్టు నోటీసుతో పాటు వచ్చిన అప్పులవాళ్ళ జాబితా చూశాను. నా పేరుకు పైన ఇళ్ళలో పాచిపని చేసే ఆమె పేరు, కింద రిటైరైన బస్సు కండక్టరు పేరు ఉన్నాయి. అంత పొడవు జాబితాలో ఒక్క బ్యాంకు కూడా లేదు. ఇల్లు అప్పటికే తమ్ముడి పేరు మీదికి మారింది. బ్యాంకుకు తాకట్టు ఉంటుంది, హామీదారు ఉంటాడు, వకీలు ఉంటాడు. మా చేతిలో ఉండేది ప్రోనోటు కాగితం ఒక్కటే. మీ బావమరిది మోసగాడని నేను అనడం లేదు. కానీ ఐపీ పెట్టిన రోజున ఆయనకూ ఆ పెద్దమనిషికీ తేడా మాకు కనిపించదు.

గుంటూరు వకీలు:

ఇద్దరికీ జవాబు చెప్పవలసి ఉంది కాబట్టి కొంచెం నిడివి తప్పదు.

మన జిల్లాల్లో ఈ రోజుకీ ఐపీలు దాఖలయ్యేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద. ఆ చట్టంలో రాసి ఉన్న ప్రకారం 500 రూపాయల అప్పు ఉండి, తీర్చలేని స్థితిలో ఉన్న ఎవరైనా పిటిషన్ పెట్టుకోవచ్చు. కోర్టు అతన్ని దివాలాదారుగా ప్రకటించిన తర్వాత ఆస్తి రిసీవరు (కోర్టు నియమించిన నిర్వాహకుడు) చేతికి పోతుంది, అప్పులవాళ్ళు కోర్టు అనుమతి లేకుండా కొత్తగా దావా వేయలేరు, అరెస్టు నుంచి రక్షణ ఉత్తర్వు కూడా అడగవచ్చు. ఇంతవరకు ఆ ప్లీడరుగారు చెప్పినది నిజమే. అన్నీ ఆగిపోతాయన్న మాటే నిజం కాదు. పిటిషన్ వేసినంత మాత్రాన బ్యాంకు మనుషుల ఫోన్లు ఆగవు. తాకట్టు పెట్టుకున్నవాడి హక్కుకు భంగం కలగదు. ఇచ్చిన చెక్కు చెల్లకపోతే పడే కేసు క్రిమినల్ కేసు, దానికి రెండేళ్ళ వరకు శిక్ష ఉంది; నెలవాయిదా కోసం ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే ఏర్పాటు విఫలమైనా 2007 నాటి చెల్లింపుల చట్టం కింద అదే తరహా కేసు వేయవచ్చు. వీటిని ఐపీ అడ్డుకోదు. హామీ సంతకం పెట్టినవాడిని అసలే కాపాడదు. అప్పు తీసుకున్నవాడికి విముక్తి దొరికినా హామీదారు బాకీ అలాగే ఉంటుందని చట్టమే చెబుతోంది.

చాలామంది మరిచిపోయే సంగతి ఇంకొకటి ఉంది. దివాలా ప్రకటనతో అప్పు రద్దు కాదు. ఆ ఉత్తర్వులో కోర్టు ఇచ్చిన గడువులోగా అప్పుల నుంచి విముక్తి కోసం మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. పెట్టకపోతే ప్రకటనే రద్దవుతుంది, అప్పులవాళ్ళు మళ్ళీ గుమ్మం ముందు నిలబడతారు. ఫీజు తీసుకుని పిటిషన్ దాఖలు చేసినంత శ్రద్ధ ఈ రెండో దరఖాస్తు మీద మా వృత్తిలో అందరూ చూపరన్నది చేదు నిజం. విముక్తి రాకముందు, తాను దివాలాదారునని చెప్పకుండా 50 రూపాయలు అప్పు తెచ్చినా నేరమే. 1920 నాటి అంకె అది, ఎవరూ మార్చలేదు.

ఇక పంతులమ్మగారూ, మీకు జరిగిన దానికి ఆ చట్టంలోనే మందు ఉంది. ఆస్తిని తమ్ముడికి ఊరకే రాసిచ్చిన రెండేళ్ళలోపు పిటిషన్ దాఖలై, దాని మీద దివాలా ప్రకటన వస్తే, ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక అప్పులవాడికి పక్షపాతంగా కట్టినది కూడా అంతే. మోసం చేసి తెచ్చిన అప్పుకు విముక్తి వర్తించదు. రిజిస్ట్రేషన్ లేని చిట్టీ నడపడమైతే 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం దానికదే నేరం. అయితే ఇవన్నీ జరగాలంటే అప్పులవాళ్ళు కోర్టుకు వచ్చి అభ్యంతరం చెప్పాలి. వకీలు ఖర్చుకు జంకి ఎవరూ రారు, ఎదుటివాడు ధైర్యం చేసేది అక్కడే.

విశ్రాంత బ్యాంకరు:

ఉద్యోగికి ఐపీ కంటే సెటిల్‌మెంటే మేలని నా అభిప్రాయం. పర్సనల్ లోను, క్రెడిట్ కార్డు తాకట్టు లేని అప్పులు. ఖాతా మొండిబాకీ అయిన తర్వాత బ్యాంకు కొంత వదులుకోవడానికి ఒప్పుకుంటుంది. అందుకు 2023 జూన్ 8న రిజర్వు బ్యాంకు విధివిధానాలు కూడా ఇచ్చింది. అలా రాజీపడినవారికి ఆ సంస్థ మళ్ళీ అప్పు ఇవ్వాలంటే, వ్యవసాయేతర రుణాలకు కనీసం 12 నెలలు ఆగాలి. అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదికలో పూర్తిగా కట్టినట్టు కాకుండా 'సెటిల్డ్' అని పడుతుంది, అది ఏళ్ళ తరబడి కనిపిస్తుంది. ఐపీతో పోలిస్తే అది చిన్న మచ్చ. ఫోనులో రికవరీ మనిషి చెప్పిన అంకెను నమ్మి ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. బ్యాంకు ఇచ్చిన ఉత్తరంలో మొత్తం, గడువు, మిగతా బాకీ మాఫీ అన్నవి స్పష్టంగా ఉండాలి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదు. చేస్తే బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. మీ తరఫున మేము మాట్లాడతాం, ఈలోగా వాయిదాలు ఆపేసి ఫీజు మాకు కట్టండి అనే సంస్థలకు మాత్రం దూరంగా ఉండండి.

మియాపూర్ లెక్కలు:

బ్యాంకరుగారి సలహా ఒక్క అప్పు ఉన్నవాడికి పనికొస్తుంది. ఇక్కడ ఐదు బ్యాంకు ఖాతాలున్నాయి, ప్రోనోట్లు వేరే. ప్రతి బ్యాంకూ ఒకేసారి సొమ్ము కట్టమంటుంది. ఆ సొమ్ము కోసం బావమరిదిగారు మళ్ళీ నూటికి మూడు రూపాయల వడ్డీకి వెళ్ళాలి. అప్పులవాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి, జీతంలో బతకడానికి ఇంత, అప్పులకు ఇంత అని తేల్చే విధానం కావాలి. అది 2016 దివాలా స్మృతి మూడో భాగంలో రాసే ఉంది. దరఖాస్తు పెట్టిన రోజు నుంచే రుణ చర్యలకు విరామం, అది స్వీకరించాక 180 రోజుల మారటోరియం (వసూళ్ళ నిలుపుదల), ఆపైన అప్పులవాళ్ళు ఓటు వేసే చెల్లింపు ప్రణాళిక. కానీ ఆ భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికి మాత్రమే అమలులోకి తెచ్చారు. కోట్ల అప్పుకు సంతకం పెట్టిన ప్రమోటరుకు కొత్త చట్టం, కార్డు బాకీ ఉన్న గుమాస్తాకు 1920 చట్టం! అదే భాగంలో నిరుపేదల కోసం రాసిన 'ఫ్రెష్ స్టార్ట్' సంగతి చూడండి: ఏడాది ఆదాయం 60,000, ఆస్తి 20,000, అర్హమైన అప్పు 35,000 రూపాయలు దాటకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. ఉపాధి హామీ కూలికి కూడా సరిపోతుందో లేదో తెలియని పరిమితులు పెట్టి, దాన్నీ అమలు చేయలేదు. ఐపీ మంచిదా చెడ్డదా అన్న చర్చ కంటే ఈ తలుపు ఎందుకు మూసి ఉంచారన్నది అసలు ప్రశ్న.

తెనాలి పంతులమ్మ:

ఆ ఓటు ఎలా లెక్కిస్తారో కూడా చెప్పండి. నేను చదివినంతవరకు ప్రణాళిక నెగ్గడానికి అప్పు విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా ఓట్లు రావాలి, తలకో ఓటు కాదు. 19 లక్షల్లో 15 లక్షలు బ్యాంకులవైతే, బ్యాంకులు ఔనన్నది అందరికీ శాసనమవుతుంది. రెండు లక్షలు ఇచ్చిన మేనత్త మాట ఎవరికి వినిపిస్తుంది? కొత్త తలుపు తెరిచినా ముందు లోపలికి వెళ్ళేది పెద్దవాళ్ళే.

గుంటూరు వకీలు:

పంతులమ్మగారి అభ్యంతరం సరైనదే, దాన్ని తేలికగా తీసుకోలేం. అయితే ఇప్పుడు జరుగుతున్నదేమిటి? గట్టిగా అరిచినవాడికి ముందు ముడుతుంది. కార్డు కంపెనీ మనిషి ఆఫీసుకు వస్తాడన్న భయంతో అతనికి కడతారు, మేనత్త అరవదు కాబట్టి ఆమె వడ్డీ ఆగిపోతుంది. విలువను బట్టి ఓటు వేసే సభలో కనీసం ఆమె బాకీ కూడా కాగితం మీదికి వస్తుంది. ఆ కాగితానికి నేను విలువ ఇస్తాను.

అడిగినవారి విషయానికి వస్తే, ఐపీ ఇప్పుడే వద్దని నా సలహా. తప్పని కాదు, రిసీవరు చేతికి ఇవ్వడానికి ఆస్తి లేనివాడికి, భయమంతా జీతం గురించే ఉన్నవాడికి దానివల్ల లాభం తక్కువ. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం మామూలు డిక్రీ (బాకీ కట్టమనే కోర్టు తీర్పు) కింద జీతంలో మొదటి 1,000 రూపాయలను, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులను జప్తు చేయకూడదు. 42,000 జీతం మీద నెలకు జప్తు అయ్యేది సుమారు 13,670 రూపాయలకు మించదు, ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు దాటి సాగదు. ఇప్పుడు ఆయన కట్టలేక కడుతున్న దానిలో ఇది ఎంత భాగమో మీరే లెక్క వేసుకోండి. జైలు భయం ఉంటే, కట్టే స్తోమత ఉండి ఎగ్గొట్టినవాడిని తప్ప పేదరికం వల్ల కట్టలేని వాడిని డిక్రీ బాకీ కోసం నిర్బంధించకూడదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులోనే చెప్పింది.

చేయవలసిన మొదటి పని వకీలు ఫీజు వెతుక్కోవడం కాదు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, ఫోనులో 15100. ఆదాయ పరిమితి దాటినవారికి ఉచితంగా వకీలును ఇవ్వకపోయినా, కేసు పడకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అడగడానికి ఆ పరిమితి అడ్డు కాదు. అక్కడ కుదిరిన రాజీ డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి కట్టగలిగిన వాయిదాకే ఒప్పుకోవాలి. ఈలోగా కొత్త చెక్కు ఎవరికీ ఇవ్వవద్దు, కార్డు మీద తీసి కార్డుకు కట్టడం ఈ రోజే ఆపాలి. మూడేళ్ళు కావస్తున్న ప్రోనోటు వెనక వంద రూపాయలు కట్టినట్టు చెల్లు రాసినా దావా వేసే గడువు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుందని తెలిసి రాయాలి. బంధువుకు న్యాయం చేయాలనుకుంటే రాయవచ్చు, అది ఆయన మనస్సాక్షికి సంబంధించినది. తెలియక మాత్రం రాయకూడదు.

విశ్రాంత బ్యాంకరు:

జీతం పడే ఖాతా అప్పున్న బ్యాంకులోనే ఉంటే, బాకీ కింద ఆ బ్యాంకు ఖాతాలో సొమ్ము జమకట్టుకునే ప్రమాదం ఉంది. అది కూడా చూసుకోమనండి.

కృష్ణలంక వాసి:

అందరికీ కృతజ్ఞతలు. వకీలుగారి మాట చదివి కాగితాలు తీసి చూస్తే, ఒక పర్సనల్ లోనుకు మా మామగారే హామీ సంతకం పెట్టి ఉన్నారు. ఐపీ పెడితే బ్యాంకు ఆయన పెన్షను ఖాతా మీదికే వస్తుందన్నమాట. ఆ సంగతి ఆయనకు తెలిసినా మాకెవరికీ చెప్పలేదు. వచ్చే వారం న్యాయసేవాధికార సంస్థకు వెళ్తున్నాం. బ్యాంకులతో పాటు ప్రోనోట్ల వాళ్ళను కూడా అదే రోజు పిలిపించవచ్చా?

గుంటూరు వకీలు:

పిలిపించవచ్చు, ఒక్కొక్కరి మీద వేరే దరఖాస్తు పెట్టండి. వచ్చి తీరాలని బలవంతం లేదు, వచ్చినా ఒప్పుకోవాలని లేదు. మేనత్తగారికి నోటీసు వెళ్ళే ముందు మాత్రం మీరే ఇంటికి వెళ్ళి చెప్పండి. పెన్షను గురించి మీ మామగారికి అంత భయం అక్కరలేదు. అది ప్రభుత్వ పెన్షను అయితే జప్తుకు లోబడదు. ఆయన పేరు మీద ఇల్లు ఉంటే మాత్రం ఆ లోను సంగతే అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి.