ఒకే మార్కెట్, రెండు రకాల కాలం: ఇంటర్వ్యూలను ఎలా విశ్లేషించాలి?

నేను వరంగల్‌లో కామర్స్ పరిశోధన విద్యార్థిని. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి రైతులు, అడ్తిదారులు (రైతులకు పెట్టుబడి అప్పిచ్చి, పంటను అమ్మిపెట్టే కమీషన్ ఏజెంట్లు), ఖరీదుదారుల మధ్య సంబంధాలు ఎలా మారాయన్నది నా అంశం.

అడ్తిదారులను అడిగితే "ఈ-నామ్ రాకముందు, వచ్చాక" అని గీత గీసినట్టు చెప్తున్నారు. 2016లో దేశంలో మొదలైన ఆ ఆన్‌లైన్ మార్కెట్ వాళ్లకు ఒక మలుపు. రైతులేమో "మల్ల సీజన్ వస్తది, మల్ల పెట్టుబడికి ఆయన దగ్గరికే పోవాలె" అంటున్నారు. వాళ్లకు కాలం చక్రంలా తిరిగేదే. ఒకరి లెక్కన అంతా మారింది, ఇంకొకరి లెక్కన ఏమీ మారలేదు! నాకైతే ఇద్దరూ నిజమే చెప్తున్నారనిపిస్తోంది.

మా గైడ్ గారు టైమ్‌లైన్ గీయమంటున్నారు. గీస్తే మార్పు మాత్రమే కనిపించి, ఏటేటా తిరిగొచ్చే అప్పు మాయమవుతుందని నా టెన్షన్. పోనీ సీజన్‌నే కొలమానంగా తీసుకుందామంటే, ఆన్‌లైన్ వేలం వల్ల వచ్చిన తేడా పలచబడిపోతుంది.

ఇలా కాలాన్ని రెండు రకాలుగా ఊహించుకునేవాళ్ల మాటలను ఒకే విశ్లేషణలో ఎవరైనా ఇమిడ్చారా? రెండు అధ్యాయాలుగా విడదీయడం మంచిదా, లేక ఒక్కో రైతు-అడ్తిదారు జంటను ఒక కేసుగా తీసుకోవాలా? గుంటూరు మిర్చి మీదో, ఆదిలాబాద్ పత్తి మీదో పనిచేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.